గోడ మీది చిన్న రైలు బొమ్మని లిమిటెడ్ ఎడిషన్ ప్రింటుగా వెయ్యాలనుకుంటున్నాం, తెలిసినవాళ్ళు సలహా చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నాన్నగారి కాలం నుంచీ ఉన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు. శుభలేఖలు, గుడ్డసంచులు, బిల్లు పుస్తకాలు వేస్తాం. తెలుగులో అడిగినవాళ్ళకి తెలుగులో, ఒడియాలో అడిగినవాళ్ళకి ఒడియాలో. బ్యానర్ల పని ఫ్లెక్సీలు వచ్చాక పోయింది. శుభలేఖలు సగానికి సగం వాట్సాప్‌లోకి వెళ్ళిపోయాయి. ఫ్రేములు మాత్రం అటక మీద అలాగే ఉన్నాయి.

మా తమ్ముడు ఫైన్ ఆర్ట్స్ చదివాడు. మొన్న దసరాకి ఇంటికొచ్చి, మా వీధి చివర గోడకి యజమానిని అడిగి జాజు రంగు పూసి, దాని మీద తెల్ల రంగుతో పాత చిన్న రైలు బొమ్మ వేశాడు. నౌపడ నుంచి గుణుపురం దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన బండి. 1900లో పర్లాకిమిడికి వచ్చిన రైలు అది. బ్రాడ్‌గేజ్ వేశాక ఇప్పటి పిల్లలకి దాని ఊసే తెలీదు. రైలు చుట్టూ కొండలు, జీలుగు చెట్లు, నెమళ్ళు, డప్పులు కొట్టే మనుషులు, అన్నీ ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల బొమ్మల పద్ధతిలో వేశాడు. ఆఖరి పెట్టెలో ఒక్కడే మనిషి, చేతిలో గోరంత పచ్చ జెండా.

భువనేశ్వర్ నుంచి పెళ్ళికి వచ్చిన ఒకాయన ఆ గోడ దగ్గర అరగంట నిలబడి, దీని ప్రింటు ఉంటే కొంటానన్నాడు. తరవాత ఇంకో నలుగురు అడిగారు. ఐదు రంగుల్లో చేత్తోనే స్క్రీన్ ప్రింటు వేసి, నంబర్లు వేసి అమ్ముదామని మా ఇద్దరి ఆలోచన. నంబర్లు ఎలా వెయ్యాలి? ఎన్ని వెయ్యాలి? ఎలాంటి కాగితం వాడాలి? బాగా అమ్ముడుపోతే మళ్ళీ వేసుకోవచ్చా?

బరంపురం మాస్టారు, శనివారం రాత్రి 11:05

బాబూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మళ్ళీ వేసుకోకూడదు. నీకు 45 చాలు అనుకుందాం. 45 వేస్తానని రాశాక 46వది వేస్తే, మొదటి 45 మంది చేతిలో ఉన్నది ఉత్త కాగితమే.

కాగితం కింద ఎడమ పక్క పెన్సిలుతో 1/45, 2/45 అని వేస్తారు. పైన ఉన్నది ఆ ప్రింటు వరస, కింద ఉన్నది మొత్తం ఎన్ని అన్నది. కుడి పక్క సంతకం. పెన్సిలే ఎందుకంటే అది చేత్తో రాసిందని కంటికి తెలుస్తుంది, ఏళ్ళు గడిచినా వెలిసిపోదు. ఇవి కాక కళాకారుడు తన కోసం పదింట ఒక వంతు లోపు ఉంచుకోవచ్చు. వాటి మీద నంబరు బదులు ఏపీ అని రాస్తారు, అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్.

అమెరికా కళాకారుడు ఆండీ వార్హోల్ 1967లో సినిమా తార మార్లిన్ మన్రో ముఖంతో పది స్క్రీన్ ప్రింట్ల సెట్టు వేశాడు, 250 సెట్లు. తరవాత బెల్జియంలో అవే బొమ్మలు మళ్ళీ ముద్రించి అమ్మారు. వాటిలో కొన్ని ఆయన దగ్గరికే సంతకానికి వచ్చాయి. ఆయన "ఇది నేను చేసింది కాదు" అని రాసి, దాని కింద సంతకం పెట్టాడు. చూడటానికి అదే బొమ్మ. తేడా అంతా లెక్కలో ఉన్న నిజాయితీలోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఏమీ అనుకోకు. ఫోటో చూశాను. నీ తమ్ముడు గీసిన మనుషులు సవర మనుషులు కారు. కొనలు కలిసిన రెండు త్రికోణాల ఒళ్ళు మహారాష్ట్ర గిరిజనులు వార్లీలది. సవర బొమ్మలో మనిషి ఒళ్ళు పొడుగ్గా ఉంటుంది, అంత పదునుగా కొనదేలదు. ఆ పేరు పెట్టి అమ్మే ముందు అది సరిచూసుకోండి.

రాయగడ రంగులు, ఆదివారం ఉదయం 7:15

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్ళుగా గోడలు రాస్తున్నాను. ఎలక్షన్ గుర్తులు, సిమెంటు కంపెనీల పేర్లు, బడి గోడల మీద పాఠాలు, అన్నీ. రేకు కత్తిరించి స్టెన్సిల్ చేసి కొట్టేవాళ్ళం. ఇంగ్లండు వీధి కళాకారుడు బాంక్సీ స్టెన్సిల్ గురించి ప్రపంచమంతా రాస్తుంటే నాకు మా గురువుగారి రేకులే గుర్తొస్తాయి. పోలీసులు వచ్చేలోపు పని అయిపోవాలని బాంక్సీ స్టెన్సిల్ పట్టుకున్నాడంటారు. మాకు పొద్దెక్కేలోపు ఇరవై గోడలు పూర్తి కావాలి. స్క్రీన్ కూడా స్టెన్సిలే కదా, రేకు బదులు బోల్టింగ్ క్లాత్, అంటే ఫ్రేముకి బిగించే సన్న జాలీ గుడ్డ.

పని సంగతి చెప్తాను. మీ సంచుల ఫ్రేములు దీనికి పనికిరావు. గుడ్డకి వాడేది సెంటీమీటరుకి 43 దారాల మెష్. కాగితం మీద సన్నగీత తెగకుండా పడాలంటే 90 నుంచి 120 దాకా ఉండాలి. కాగితం పత్తి గుజ్జుతో చేసినది, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) తీసుకోండి. తెచ్చిన రోజే ముద్రించొద్దు. షాపులోనే రెండు మూడు రోజులు విప్పి ఉంచండి. కాగితం గాలిలో తేమ తాగి సాగుతుంది, ఎండకి బిగుస్తుంది. పొద్దున్న వేసిన మొదటి రంగుకీ సాయంత్రం వేసిన రెండో రంగుకీ మధ్య ఒక దారమంత తేడా వచ్చేస్తుంది. ఐదు రంగులంటే ఐదుసార్లు ఆ గండం గట్టెక్కాలి.

అందుకే చెప్తున్నాను, ఆ పచ్చ రంగు తీసెయ్యండి. గోరంత జెండా కోసం ఒక ఫ్రేము, ఒక కోటింగు, పాడయ్యేవాటితో కలిపి 60 కాగితాలు మళ్ళీ ఒకసారి స్క్వీజీ (రంగు లాగే రబ్బరు పలక) కిందికి పోవాలి. నాలుగు రంగుల్లో ముగించండి.

మహేంద్రతనయ, ఆదివారం ఉదయం 8:02

అన్నా, మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను. పచ్చ మాత్రం తియ్యలేను. అది ఉండాలి.

మాస్టారూ, వార్లీ మాట తమ్ముడికి చూపించాను. ఇంటర్నెట్‌లో చూసి గీశానని ఒప్పుకున్నాడు. సిగ్గుపడ్డాడు. మన ఊరికి నలభై యాభై కిలోమీటర్లలో సవర ఊళ్ళు పెట్టుకుని బొమ్మ కోసం ఫోన్ చూడటం నాకూ బాధగానే ఉంది.

జయపురం నుంచి, ఆదివారం మధ్యాహ్నం 1:30

నేను గియ్యను, కొంటాను. జీతంలో మిగిలిన దాంతో ఏడాదికి ఒకటో రెండో ప్రింట్లు. కొనేవాడి బాధ చెబుతాను.

మూడేళ్ళ కింద ఆన్‌లైన్‌లో ఒక ప్రింటు కొన్నాను. 17/100. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. తరవాత ఒక కలెక్టర్ల గ్రూపులో ఎవరో తన ప్రింటు ఫోటో పెట్టారు. అదే బొమ్మ. మూల దగ్గర పెద్దది చేసి చూశాను. 17/100. అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే పొరపాటు జరిగి ఉంటుందన్నారు, వేరే నంబరు పంపిస్తామన్నారు. వేరే నంబరు పంపడం అంటే ఏమిటి? చేతిలో ఎన్ని ఖాళీ కాగితాలు ఉంచుకున్నారు? ఆ రోజు నుంచి ఆ బొమ్మ చూడబుద్ధి కావడం లేదు. బొమ్మ తప్పేమీ లేదు పాపం.

బాంక్సీ 'బెలూన్‌తో అమ్మాయి' 2004లో వేసినప్పుడు సంతకంతో 150, సంతకం లేకుండా 600. ఇప్పుడు దాని మీద ఎన్ని నకిలీలు తిరుగుతున్నాయో లెక్కలేదు. అందుకే ఆయన తరఫున పెస్ట్ కంట్రోల్ అనే ఆఫీసు నిజమైన వాటికి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆయనే వేసిన ఒక ఉత్తుత్తి పది పౌండ్ల నోటుని సగానికి చింపి, ఒక సగం ఆ కాగితానికి పిన్ చేస్తారు, రెండో సగం వాళ్ళ దగ్గర ఉంటుంది. చింపిన అంచులు కలిస్తేనే అసలు.

మీరు 45 మందికే అమ్ముతారు కాబట్టి ఇంత అక్కర్లేదు. ఒక నోటుబుక్కులో ఏ నంబరు ఎవరికి వెళ్ళిందో రాసుకోండి. శుభలేఖల ఆర్డర్లు రాసుకునే పుస్తకమైనా చాలు. ముప్పై ఏళ్ళ తరవాత ఎవరైనా అడిగితే చూపించేలా దాచండి.

పుట్టాసింగి, ఆదివారం రాత్రి 10:20

నేను సవర అమ్మాయిని. గుణుపురంలో చదువుకున్నాను, తెలుగు అక్కడే వచ్చింది. ఈ చర్చ రెండుసార్లు చదివి రాస్తున్నాను.

మీరు సవర బొమ్మ అంటున్న దాన్ని మేము ఇడితల్ అంటాం. అది అలంకారం కోసం గీసేది కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, కాన్పు దగ్గర పడినా, పంట ఇంటికొచ్చినా, పోయిన పెద్దలు కలలోకి వచ్చి అడిగినా గీయిస్తాం. గోడకి ఎర్రమట్టి పూస్తారు. బియ్యప్పిండి పేస్టు, పుల్ల చివర నమిలి కుంచెలా చేసుకోవడం. ముందు చుట్టూ అంచు గీస్తారు. ఆ అంచే ఇల్లు. తరవాత లోపలికి ఒక్కొక్కరినీ చేరుస్తారు. గీశాక కుడాన్, అంటే మా పూజారి, వచ్చి కల్లు, బియ్యం పెట్టి పాట పాడి ఆ పెద్దల్ని అందులోకి పిలుస్తాడు. అప్పటి నుంచి అది వాళ్ళ ఇల్లు. ఊరికే తుడిచేసి వేరే బొమ్మ వేసుకోం.

అందువల్ల ఆ అంచుతో సహా తీసుకుని కాగితం మీద వేసి, ఫ్రేము కట్టి, ఎవరి హాల్లోనో మేకుకి తగిలిస్తే మా మామ్మలాంటి వాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఎవరి ఇల్లో పునాదితో సహా ఎత్తుకుపోయినట్టు ఉంటుంది.

అలాగని వద్దనడం లేదు. రైలుకి మా వాళ్ళేమీ అనరు. మా ఇడితల్‌లలోనే రైళ్ళున్నాయి, సైకిళ్ళున్నాయి, విమానాలున్నాయి. పెద్దలు ఇప్పుడు వాటిల్లో తిరుగుతారని గీస్తారు. మా పాత ఇంట్లో ఒకదాంట్లో ముత్తాత సైకిలు మీద ఉన్నాడు. బతికుండగా ఆయన సైకిలు ఎక్కలేదట.

అన్నా, నేను అడిగేది మూడే. చుట్టూ అంచు గీయొద్దు. దాని కింద ఇడితల్ అని రాయొద్దు. మనుషుల్ని మా వాళ్ళ చేత గీయించండి. మా ఊళ్ళో గీసే మావయ్య ఒకరున్నారు. కాగితం మీద కూడా గీస్తారు, బయటివాళ్ళకి అమ్ముతారు కూడా. ఆయనకి డబ్బివ్వండి. సంతకం మీ తమ్ముడిది ఒక్కటే ఉండకూడదు.

కోర్టు వీధి (పర్లాకిమిడి), సోమవారం ఉదయం 6:50

అమ్మాయి చెప్పింది న్యాయంగా ఉంది. చట్టం సంగతి నేను కలుపుతాను. 2024 జనవరిలో లాంజియా సౌర (అంటే సవర) చిత్రకళకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకని పేరుకిచ్చే గుర్తింపు, వచ్చింది. రిజిస్టరయిన వాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆ పేరు పెట్టి సరుకు అమ్మకూడదు. కాబట్టి పేరు రాయకపోవడం మర్యాద మాత్రమే కాదు, మీకు రక్షణ కూడా.

రెండోది, వీధిలో ఉన్న బొమ్మ అందరిదీ అనుకుంటారు చాలామంది. ఫోటో తీసుకోవడం, ఫోన్లో దాచుకోవడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బు తీసుకోకుండా తనంతట తానే గోడ మీద పెయింటింగ్ వేసినవాడి హక్కు వేసినవాడిదే, గోడ యజమానిది కాదు, దారినపోయేవాడిదీ కాదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు మ్యూరల్‌ని (గోడ శిల్పాన్ని) 1979లో ఊడదీసి స్టోరులో పడేశారు. ఆయన కోర్టుకి వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకే తిరిగి ఇమ్మని, ఐదు లక్షల రూపాయలు నష్టపరిహారం కట్టమని తీర్పు ఇచ్చింది. సొంతం చేసుకున్నది ప్రభుత్వమే అయినా చేసినవాడికి ఆ పని మీద మాట ఉంటుంది.

మావయ్యగారితో కాగితం రాసుకోండి. సగం పేజీ చాలు. ఎన్ని ప్రింట్లు, ఎంత డబ్బు, ఎప్పుడు ఇస్తారు.

జయపురం నుంచి, సోమవారం మధ్యాహ్నం 12:40

నాకు ఒక సందేహం, గౌరవంగానే అడుగుతున్నాను. స్ట్రీట్ ఆర్ట్ పుట్టిందే అందరికీ చేరాలని కదా. అమెరికా కళాకారుడు కీత్ హేరింగ్ న్యూయార్క్ సబ్‌వేలో (భూగర్భ రైలు స్టేషన్లలో) ఖాళీగా ఉన్న నల్ల ప్రకటన కాగితాల మీద సుద్దతో గీసేవాడు, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా. 1986లో పాప్ షాప్ అనే కొట్టు పెట్టింది కూడా మామూలు మనిషి టీషర్టో పోస్టరో కొనుక్కోవాలనే. అక్కడి వీధి కళాకారుడే షెపర్డ్ ఫెయిరీ 2008లో ఒబామా 'హోప్' పోస్టర్ మొదట వేసినప్పుడు సగం అమ్మి సగం వీధుల్లో అంటించాడు. మరి మనం వీధిలోని బొమ్మని 45 మందికి తాళం వేసి ఇస్తే, ఇంతమంది అనుమతులు పెడితే, అది వీధి బొమ్మ ఎలా అవుతుంది?

బరంపురం మాస్టారు, సోమవారం సాయంత్రం 5:25

మంచి ప్రశ్న. గోడ మీద బొమ్మ ఎక్కడికీ పోవడం లేదు కదా బాబూ. కూరగాయలు కొనడానికి వెళ్ళే ప్రతివాడూ చూస్తూనే ఉంటాడు. 45 ప్రింట్ల డబ్బుతో వాళ్ళు ఇంకో గోడ వేస్తారు. చాలామంది వీధి కళాకారులు ప్రింట్లు వేసేది అందుకే. గోడకి ఎవరూ డబ్బివ్వరు, కాగితానికి ఇస్తారు.

హేరింగ్ గీసినవి హేరింగ్ పుట్టించిన బొమ్మలు. పాకే పసివాడు, మొరిగే కుక్క, ఆయనవే. పంచిపెట్టే హక్కు ఆయనకి ఉంది. నువ్వు చెప్పిన ఫెయిరీ సంగతే చూడు. ఒబామా బొమ్మకి ఆధారమైన ఫోటో ఒక వార్తాసంస్థ ఫోటోగ్రాఫర్ తీసింది. అడగకుండా వాడాడు. గొడవ కోర్టుకెక్కి 2011లో రాజీ అయ్యేదాకా నడిచింది. అంత గొప్ప పోస్టర్‌కి కూడా ఆ మచ్చ తప్పలేదు. ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే సరిపోయేది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మన పర్లాకిమిడి విషయంలో నాకు ఇంకా పట్టింపు ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ సవర మాట్లాడేవాళ్ళ పక్కన కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన కొండ మీద మనుషుల్ని అడిగి రాసుకున్నారు. ఆ ఊరి కుర్రాళ్ళు బొమ్మ విషయంలో అడగకుండా వెయ్యడం నాకు నచ్చదు.

మహేంద్రతనయ, మంగళవారం రాత్రి 9:10

నిన్న పొద్దున్నే తమ్ముడూ నేనూ బండి మీద పుట్టాసింగి వెళ్ళాం. చెల్లీ, మీ ఊరి ఎక్కుడు దారిలో బండి రెండుసార్లు ఆగింది. మావయ్యగారు ఫోటో చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత పుల్ల తీసుకుని, మా తమ్ముడి ఇంజను ముందు ఒక మనిషిని నేల మీద గీసి చూపించారు. రెండు గీతలు, ఒక ఒంపు. మా వాడు ఆ రోజంతా అదే గీస్తూ కూర్చున్నాడు.

రైలు తమ్ముడిది, మనుషులు, నెమళ్ళు ఆయనవి. చుట్టూ అంచు లేదు. రెండు సంతకాలు. అమ్మిన దాంట్లో కాగితం, రంగుల ఖర్చు పోను సగం ఆయనకి, ముందే కొంత చేతిలో పెట్టాం. కోర్టు వీధి గారు చెప్పినట్టు సగం పేజీ రాసుకున్నాం. గోడ మీది మనుషుల్ని కూడా ఆయన వచ్చి మార్చి గీస్తానన్నారు.

మహేంద్రతనయ, నెలన్నర తరవాత, ఆదివారం రాత్రి 10:45

అయిపోయింది. అడిగిన వాళ్ళందరి కోసం వివరంగా రాస్తున్నాను.

ఫ్రేములకి కొత్త క్లాత్ బిగించాం. చీకటి గదిలో ఎమల్షన్ (వెలుగు తగిలితే గట్టిపడే పూత) పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాం. వెలుగు చూపించడానికి ఎక్స్‌పోజింగ్ బాక్సు ఉన్నా నాన్నగారు ఎండలోనే చేద్దామన్నారు. ఫిల్ము, దాని మీద అద్దం, పైన నల్లగుడ్డ. గుడ్డ లాగి అంకెలు లెక్కపెట్టడం, మళ్ళీ కప్పేయడం. ఆయన వెయ్యిన్నొక్కటి, వెయ్యిన్నరెండు అని లెక్కపెడతారు. తొట్టిలో నీళ్ళు పోస్తుంటే గీత ఉన్నచోట ఎమల్షన్ కరిగి ముందు ఇంజను పొగగొట్టం కనబడింది, తరవాత చక్రాలు. ఎన్ని వేల శుభలేఖలు వేశానో, నీళ్ళ కింద బొమ్మ తేలేటప్పుడు చూపు తిప్పుకోలేను.

60 కాగితాలతో మొదలెట్టాం. జాజు రంగు మొదట, తరవాత బొగ్గు నలుపు, పసుపు, తెలుపు, ఆఖరికి పచ్చ. మూడో రోజు వాన పడింది. రాయగడ అన్న చెప్పినట్టే కాగితం సాగి తెలుపు పక్కకి జరిగింది. ఏడు కాగితాలు పోయాయి. ఇంకో నాలుగింటికి వేలిముద్రలు. మిగిలినవి 49. అందులో 45కి నంబర్లు, నాలుగు ఏపీలు. పాడైన పదకొండూ చింపేశాం. అన్నిటికీ పెన్సిల్ రాశాక నాన్నగారే ఐదు ఫ్రేముల మీదా మందు పోసి ఎమల్షన్ కడిగేశారు. ఇంక మాకు కావాలన్నా ఇంకోటి వెయ్యలేం. ఎవరెవరికి ఏ నంబరు వెళ్ళిందో ఆర్డర్ల పుస్తకంలో ఉంది.

భువనేశ్వర్ ఆయన 6/45 తీసుకున్నారు. జయపురం గారికి 17 పక్కన పెట్టాను. 1/45 పుట్టాసింగికి బస్సులో పంపాను.

జయపురం నుంచి, ఆదివారం రాత్రి 11:20

17 నాకు ఉంచారా! చాలా సంతోషంగా ఉంది. రేపే డబ్బు పంపిస్తాను.

రాయగడ రంగులు, సోమవారం ఉదయం 7:05

ఫోటో చూశాను తమ్ముడూ. తెలుపు అంచులు బాగా పడ్డాయి. పచ్చ ఎక్కడా పక్కకి జరగలేదు. నాలుగు రంగుల్లో ముగించమన్నాను కానీ, ఆ పచ్చ లేకపోతే కన్ను ఆఖరి పెట్టె దాకా వెళ్ళేది కాదు.

పుట్టాసింగి, గురువారం రాత్రి 8:15

అన్నా, ప్రింటు అందింది. మావయ్య తన పేరు పెన్సిలుతో ఉన్నచోట వేలు పెట్టి అందరికీ చూపిస్తున్నాడు. ఇడితల్ ఉన్న గోడకి కాకుండా దాని ఎదురు గోడకి పెట్టాం.

మామ్మ రైల్లో ఎవరెవరు ఉన్నారో పేర్లు చెప్పమంటోంది. ముందు పెట్టెల్లో వాళ్ళు మా వాళ్ళేనని మావయ్య చెప్పాడు. ఆఖరి పెట్టెలో జెండా పట్టుకుని ఒక్కడే ఉన్నాడు, అతనెవరు, అతనికి తోడు ఎవరూ లేరా అని అడుగుతోంది. ఏం చెప్పను?

మహేంద్రతనయ, గురువారం రాత్రి 8:40

మా తాతగారు చెల్లీ. ఆ బండికి గార్డుగా చేశారు.